వరసయ్య కట్టిన దారం

వరసయ్యకి ఉన్నది ఒక్కటే గుణం. ఏ విషయమైనా వచ్చిన వరసలోనే తలుచుకుంటాడు, వచ్చిన వరసలోనే చెబుతాడు, వచ్చిన వరసలోనే చేస్తాడు. మధ్యలోంచి మొదలుపెట్టడం ఆయనకి చేతకాదు. అసలు పేరు నియామకపు కాగితంలో ఎక్కడో ఉంది గానీ దానితో ఎవరికీ పనిపడలేదు. ఆ కంటి ఆసుపత్రిలో కంప్యూటర్లకి ప్రోగ్రాములు రాసేది ఆయనే. గడప దాటి లోపలికొచ్చిన ప్రతి మనిషీ ఆయన రాసిన పట్టికలోకి ఎక్కాల్సిందే.

ఈ గుణాన్ని పద్నాలుగేళ్ళుగా ఎదురుబల్ల మీద కూర్చుని భరించినవారు రికార్డుల సూపరింటెండెంటు గారు. భరించడం అన్న మాట ఆయనదే. ఆయన సామాన్యులు కారు. వీధిబడిలో చదువుకుని, ఇరవయ్యో ఎక్కం కిందినుంచి పైకీ పైనుంచి కిందికీ అప్పజెప్పి, ఇన్‌స్పెక్టరు చేతుల మీదుగా పలక బహుమతి పుచ్చుకున్న మనిషి. ఆసుపత్రికి మొదటి ఉద్యోగి. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆయన రికార్డుల్లో ఒక్క కొట్టివేత లేదు. వచ్చినవాళ్ళకిచ్చే నంబరు చీటీలు రద్దు చేసి కాగితం లేని కార్యాలయం తెచ్చింది ఆయనే. నమోదు పట్టికలో తేదీ చాలు, వేళ దండగ అని ఆ గడి తీసేయించిందీ ఆయనే. ‘మూడు పిలుపులు, ఆపైన చివరికి’ అని గోడమీద బోర్డు రాయించిందీ ఆయనే. హాజరు పట్టీలో ఈనాటికీ మొదటి పేరు ఆయనదే. ఇవన్నీ ఆయన తనంతట తాను చెప్పుకోరు. అడిగితేనే చెబుతారు. టైమెంతయింది అని అడిగినా అడిగినట్టే లెక్క.

ఒకసారి ఆయన మాటల్లో మాటగా, “మీ చిన్నమ్మాయి ఏం చదువుతోందయ్యా?” అన్నారు.

“మా పెద్దమ్మాయికి పెళ్ళయిపోయిందండీ,” అన్నాడు వరసయ్య.

“నేనడిగింది చిన్నమ్మాయి సంగతి.”

“వస్తున్నానండీ. రెండోది బ్యాంకులో...”

“అసలు నీకు ఎంతమంది?”

వరసయ్య నొచ్చుకున్నాడు. “నలుగురండీ. చూశారా, మధ్యలో అడ్డొచ్చారు. మా పెద్దమ్మాయికి పెళ్ళయిపోయిందండీ...”

వరస మధ్యలో తెగితే మళ్ళీ మొదటినుంచే. ఇంట్లో చిన్నపిల్లని అన్నానికి పిలవాలన్నా ముగ్గురక్కల పేర్లూ దాటుకుని రావాలి. నాలుగో పేరు దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్ల తినేసి చెయ్యి కడుక్కుంటూ ఉండేది. ఆ ఇంట్లో సుఖపడింది ఇల్లాలొక్కతే. అందరికన్నా ముందొచ్చింది ఆవిడ కదా.

మంటలొస్తే ఎలా బయటపడాలో నేర్పే కసరత్తు ఒకటి పెట్టారు ఆసుపత్రిలో. గంట మోగింది. అందరూ పరుగు. వరసయ్య మాత్రం తలుపు పట్టుకుని నిలబడిపోయాడు.

“ఏమయ్యా, కదులు! కాలిపోతున్నాం!” అని కేకేశారు సూపరింటెండెంటు గారు.

“మన విభాగంలో చేరినవాళ్ళలో నేను ఏడోవాణ్ణండీ. నాకన్నా ముందు ఆరుగురు వెళ్ళాలి. ఐదుగురే వెళ్ళారు.”

“ఆ మిగిలిన దరిద్రుడెవడు?”

“మొదటివారండీ. మీరే.”

సూపరింటెండెంటు గారు ఒక క్షణం ఆలోచించి, ఇది గౌరవమే అని తేల్చుకుని, కండువా సర్దుకుని నిదానంగా ముందు నడిచారు. ఆ ఏడాది ఆ విభాగానికి ఆఖరి మార్కులు వచ్చాయి.

మూడేళ్ళ కిందట ఇంకొకటి జరిగింది. సూపరింటెండెంటు గారి చెక్కకుర్చీ తీసేసి, చక్రాల మీద దొర్లే కొత్త కుర్చీ వేశారు. ఆయన కూర్చున్నారు. అది వెనక్కి జరిగింది. మళ్ళీ కూర్చున్నారు. అది మళ్ళీ జరిగి గోడకి కొట్టుకుంది. “నా మాట వినని కుర్చీ ఉన్నచోట నేనుండను,” అని రెండు వాక్యాల్లో రాజీనామా రాసిచ్చి ఇంటికి వెళ్ళిపోయారు. ఇంట్లో పదకొండు రోజులున్నారు. ఆ పదకొండు రోజుల్లో వంటింటి డబ్బాలన్నిటికీ నంబర్లు వేశారు. మూడు పిలుపులకి పలకలేదని భార్య వంతు కాఫీని చివరికి నెట్టారు. పన్నెండో రోజు పొద్దున ఆవిడ, “ఏమండీ, ఆ కుర్చీ మీమీద బెంగపెట్టుకుందేమో, ఒక్కసారి వెళ్ళి చూసి రాకూడదూ?” అంది.

వెళ్ళారు. ఆసుపత్రివాళ్ళు కొత్త నియామకపు కాగితం మీద ఆయన చేత సంతకం పెట్టించుకున్నారు. లెక్కప్రకారం ఆయనిప్పుడు ఆసుపత్రిలో అందరికన్నా కొత్తవాడు. హాజరు పట్టీలో ఆయన పేరు రెండువందల పన్నెండోది కావాలి. గుండె చిక్కబట్టుకుని కంప్యూటరులో చూసుకున్నారు. మొదటి పేరు ఆయనదే! “చూశారా, సీనియారిటీ అంటే అదీ! యంత్రానికైనా తెలుస్తుంది మనిషి విలువ,” అని ఆ వారమంతా చెప్పారు. అప్పటినుంచి ఆయన అప్పజెప్పే ఘనకార్యాల్లో అదొకటి చేరింది.

ఇలా ఉండగా, వరసయ్యకి తోడుగా కొత్త ప్రోగ్రామరమ్మ వచ్చింది. ఇద్దరు పిల్లల తల్లి. చురుకైన మనిషి. వచ్చిన వారానికే ఆయన రాసిందంతా చదివి పెదవి విరిచింది.

“సార్, ప్రతిచోటా ఈ వరస గుర్తుపెట్టుకునే పట్టికే వాడారేంటి? మామూలు పట్టికైతే ఇంకా తేలిక. వేగం కూడా.”

“తేడా ఏమిటో నాకూ చెప్పమ్మాయ్,” అన్నారు సూపరింటెండెంటు గారు. “నేను వీధిబడిలో చదివినా ఇరవయ్యో ఎక్కం...”

“పైనుంచి కిందికీ. తెలుసు సార్.”

వరసయ్య ఇద్దర్నీ ఆపరేషను గది బయటున్న చెప్పుల స్టాండు దగ్గరికి తీసుకుపోయాడు. అక్కడ చెప్పులు చూసుకునే మనిషి, వచ్చినవాళ్ళ చెప్పులు ఖాళీగా ఉన్న గూట్లో పెట్టి, ఆ గూటి నంబరు ఇస్తున్నాడు.

“నంబరు చెబితే ఈయన టక్కున చెప్పులు తీసిస్తాడండీ. మామూలు పట్టిక అంటే ఇదే. కానీ, ఏమయ్యా, ఈ చెప్పుల్లో ముందొచ్చినవి ఏవి?”

“నాకేం తెలుసు సార్? ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పెడతా.”

“అదండీ సంగతి. నాదీ ఇదే స్టాండు. కాకపోతే ప్రతి జతనీ దాని తర్వాత వచ్చిన జతకి ఒక దారంతో కడతాను. నంబరు చెబితే గూట్లోంచి తీస్తాను. ఎవరి తర్వాత ఎవరని అడిగితే దారం పట్టుకుని నడుస్తాను.”

“మరి ఒకాయన పాత చెప్పులు తీసేసి అదే గూట్లో కొత్తవి పెడితే?” అంది ప్రోగ్రామరమ్మ.

“చెప్పులు మారతాయమ్మా. దారం కదలదు. ఆ మనిషి చోటు ఆ మనిషిదే. అదే, నంబరు కొట్టేసి పంపించి, మళ్ళీ వస్తే కొత్తగా ఎక్కించామనుకో, మొదటి ముడి ఊడిపోతుంది. చిట్టచివర కొత్త ముడి పడుతుంది. అందుకే నేనెవర్నీ తీసెయ్యను. మారుస్తాను.”

“ఇంతా ఒక్క దారం కోసమా సార్!” అని ఆవిడ నవ్వింది. సూపరింటెండెంటు గారూ నవ్వారు. చెప్పుల మనిషి మాత్రం నవ్వలేదు. “దారం ఆసుపత్రివాళ్ళిస్తారా, నేను తెచ్చుకోవాలా?” అని అడిగాడు.

ఆ రోజుల్లోనే ఆసుపత్రిలో ఒక కంటి శిబిరం పెట్టారు. ఒక్కరోజునే నూట నలభై ముగ్గురు వచ్చారు. బల్ల దగ్గర కూర్చుని అందరి పేర్లూ ఎక్కించింది వరసయ్యే. బయటినుంచి వచ్చే పెద్ద డాక్టరు గారు సోమవారానికి పన్నెండుమంది చొప్పున, ఎనిమిది సోమవారాలు ఆపరేషన్లు చేస్తారు. అంటే తొంభై ఆరుగురికి. మిగిలినవాళ్ళు ఆయన మళ్ళీ వచ్చేదాకా మూడు నెలలు ఆగాలి.

తొంభై ఏడో మనిషి సాక్షాత్తూ సూపరింటెండెంటు గారి వియ్యంకుడు. ఆయనకి మసకేసింది ఒక్క కన్నే. రెండో కంటితో పేపరు చివరి పేజీ దాకా చదివి, అందులోని తప్పులు వియ్యపురాలికి వినిపిస్తూ ఎనిమిది వారాలుగా వాళ్ళింట్లోనే ఉంటున్నాడు.

తొంభై ఆరో మనిషి, ఆసుపత్రి ఎదురువీధిలో కుట్టుమిషను పెట్టుకున్న దర్జీ ఆవిడ. రెండు కళ్ళూ మసకే. సూదిలోకి దారం వేళ్ళతో తడుముకుని ఎక్కిస్తోంది. బడులు తెరిచేలోగా రెండువందల జతల యూనిఫారాలు కుట్టివ్వాలి. ఇవ్వకపోతే ఆ పని వేరేవాళ్ళకి పోతుంది, మళ్ళీ రాదు.

చివరి సోమవారానికి ముందు వారం, మిగిలిన యాభై తొమ్మిది మందినీ ఒకేసారి పరీక్షలకి పేర్లు పిలిచారు. పిలిచింది సూపరింటెండెంటు గారే. దర్జీ ఆవిడ పేరు మూడుసార్లు పిలిచారు. పలకలేదు. అరగంట తర్వాత ఊపిరి ఎగబీలుస్తూ వచ్చింది.

“మెట్లమీద ఎవరో పెద్దాయన కళ్ళు తిరిగి పడిపోయాడండీ. పైవార్డులో దించి వస్తున్నా.”

“చాలా మంచిపని చేశావమ్మా. కానీ బోర్డు ఉంది, చూడు.”

“బోర్డు కనపడదండీ. అందుకే కదా వచ్చింది.”

సూపరింటెండెంటు గారికి తన బోర్డు మీద ఎవరూ ఇంతకుముందు ఇలాంటి మాట అనలేదు. గొంతు సవరించుకుని, “పరీక్ష చేయించుకో. వంతు మాత్రం చివరికి,” అని వరసయ్య వైపు తిరిగారు. “ఈవిడ పేరు తీసేసి ఆఖర్న పెట్టు.”

“అలాగేనండీ,” అని వరసయ్య ఏదో టైపు చేశాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర సూపరింటెండెంటు గారు, “బావగారూ, మీరు ఒక మెట్టు పైకెక్కారు. ఆఖరి సోమవారం మీదే,” అన్నారు. వియ్యంకుడు, “మీరుండగా నాకేంటి బావగారూ!” అన్నాడు. ఎనిమిది వారాల్లో ఆయన నోట వచ్చిన మొదటి మంచిమాట అది.

ఆఖరి సోమవారం పొద్దున ఎనిమిదింటికి జాబితా తీశారు. మొదటి పేరు చూసి వరసయ్య ముఖం పాలిపోయింది. శిబిరం రోజు దీపాలార్పుతుండగా వచ్చిన మనిషి పేరది. రెండో పేరు మధ్యాహ్నం వచ్చినాయనది. మూడోది ఎక్కడిదో.

“అమ్మా, శుక్రవారం ఏమైనా మార్చావా?”

ప్రోగ్రామరమ్మ చేతులు కట్టుకుంది. “మామూలు పట్టిక పెట్టాను సార్. వెతకడం నిజంగానే వేగంగా ఉంది.” చివరి మాటలు ఆవిడకే వినపడలేదు.

“పాత నకలు?” అన్నారు సూపరింటెండెంటు గారు.

“ఒక్క నకలే ఉంచుతాం సార్. శనివారం దానిమీద కొత్తది పడింది.”

“పోనీ, ఎవరు ఏ వేళకి వచ్చారో...” అని ఆగిపోయారు. ఇద్దరూ ఆయన వైపు చూశారు. “పోనీ, చీటీలు...” అని మళ్ళీ ఆగిపోయారు. ఇద్దరూ మళ్ళీ చూశారు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో మొదటిసారి ఆయనకి తన ఘనకార్యాలు ఎవరికీ చెప్పాలనిపించలేదు.

పదింటికి డాక్టరు గారు కత్తి పట్టుకుంటారు. బయట వంతు రాని యాభై తొమ్మిది మందీ ఉన్నారు. వాళ్ళనే అడిగి చూద్దామని వెళితే, అందులో నలభైమంది తామే ముందొచ్చామన్నారు.

“నాకు గుర్తుందండీ,” అన్నాడు వరసయ్య.

“బతికించావు! ఎనభై అయిదో పేరునుంచి చెప్పు. మొదటి ఎనభై నలుగురికీ అయిపోయాయిగా.”

“అలా రాదండీ. మొదటినుంచి చెప్పాలి. మధ్యలో ఎవరూ మాట్లాడకూడదు.”

ప్రోగ్రామరమ్మ కీబోర్డు ముందు కూర్చుంది. సూపరింటెండెంటు గారు తలుపుకి వీపు ఆనించి నిలబడ్డారు. వరసయ్య కళ్ళు మూసుకున్నాడు.

“ఒకటి, పాలు పోసే ఆయన. ఎడమ కన్ను. భార్య చెయ్యి పట్టుకుని వచ్చాడు. అయిపోయింది. రెండు, ఆ భార్యే. కుడి కన్ను. ఆయన చెయ్యి పట్టుకుని వచ్చింది. అయిపోయింది. మూడు, తాపీమేస్త్రి...”

నలభై దగ్గర ఉండగా పక్కగది తలుపు తెరుచుకుంది. “టీలు ఎన్ని సార్?” అన్నాడు క్యాంటీను మనిషి.

వరసయ్య కళ్ళు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు.

“ఒకటి, పాలు పోసే ఆయన. ఎడమ కన్ను,” అన్నాడు వరసయ్య.

సూపరింటెండెంటు గారు క్యాంటీను మనిషిని రెక్క పట్టుకుని బయటికి నడిపించి, పక్కగదికి తాళం వేసి వచ్చారు. ఇక ఆయన అసలు కష్టం మొదలైంది. మాట్లాడకుండా ఉండాలి. యాభై ఏడో పేరు దగ్గర, శిబిరం రోజున తానే స్వయంగా కుర్చీ వేసిన పెద్దమనిషి వచ్చాడు. ఆ సంగతి చెప్పకుండా ఉండటం ఆయన వల్ల అయ్యేట్టు లేదు. జేబురుమాలు నోట్లో కుక్కుకున్నారు. డెబ్బై దగ్గర తలుపు సందులోంచి వియ్యంకుడి తల లోపలికి వచ్చింది. “బావగా...” అనేలోపు సూపరింటెండెంటు గారు చప్పుడు కాకుండా తలుపు మూసేశారు. చప్పుడు కాకపోవడానికి కారణం మధ్యలో వియ్యంకుడి ముక్కు ఉండటం.

తొమ్మిదీ నలభై. “తొంభై అయిదు, రేడియోలు బాగుచేసే ఆయన. రెండు కళ్ళూ. తొంభై ఆరు, ఎదురువీధి దర్జీ ఆవిడ. రెండు కళ్ళూ. బయటికెళ్ళింది, వస్తుంది.”

జేబురుమాలు ఊడి కింద పడింది. “ఆవిణ్ణి తీసెయ్యమన్నానుగా!”

“తీసెయ్యలేదండీ. మార్చాను.”

“అలాగేనండీ అన్నావు!”

“మీరు చెప్పినప్పుడు కాదనడం బాగుండదని అన్నానండీ. తీసేస్తే చోటు పోతుంది. ఆవిడ మానేసి పోలేదుగా, పైవార్డుకి పోయింది. అందుకని ‘బయటికెళ్ళింది, వస్తుంది’ అని మార్చాను. వచ్చింది కదండీ.”

“సార్, టైమవుతోంది,” అంది ప్రోగ్రామరమ్మ. “తొంభై ఆరులో ఎవరి పేరు రాయమంటారు?”

సూపరింటెండెంటు గారు బోర్డు వైపు చూశారు. ముప్ఫై ఒక్క ఏళ్ళు, ఒక్క కొట్టివేత లేదు. తలుపు వైపు చూశారు. దాని వెనక ముక్కు పట్టుకుని వియ్యంకుడు. ఆ వెనక మూడు నెలల భోజనాలు. ఎటూ తోచక కిటికీలోంచి బయటికి చూశారు. వరండాలో యాభై ఏడుగురు నేను ముందంటే నేను ముందని తోసుకుంటున్నారు. దర్జీ ఆవిడ మాత్రం మెడలో టేపు వేలాడేసుకుని, అందరి వెనక, గోడ వారన నిలబడి ఉంది. చివరికి పొమ్మని ఆయన చెప్పారు కాబట్టి.

“వచ్చిన వరసలోనే రాయమ్మాయ్,” అన్నారు ఆయన. తర్వాత మెల్లగా, “ఆ బోర్డు కూడా కొంచెం మార్చాలి. అక్షరాలు బొత్తిగా చిన్నవైపోయాయి,” అన్నారు.

పన్నెండు పేర్లూ పిలిచారు. దర్జీ ఆవిడ పేరు ఆయనే పిలిచారు. మొదటి పిలుపుకి ఆవిడ నమ్మలేదు. రెండో పిలుపుకి చుట్టూ చూసింది. మూడో పిలుపుకీ కదలకపోయేసరికి సూపరింటెండెంటు గారు నాలుగోసారి కూడా పిలిచారు. ఆయన ఉద్యోగ జీవితంలో అదే మొదటి నాలుగో పిలుపు.

“మరి నా పేరు, బావగారూ?” అన్నాడు వియ్యంకుడు. ముక్కు ఎర్రగా ఉంది.

“మీది తొంభై ఏడండీ, బావగారూ.”

“అంటే?”

“అంటే మూడు నెలలండీ.”

“అయితే ఈ ఆసుపత్రి గడప తొక్కను! మీ ఇంటి గడపా తొక్కను!” అని వియ్యంకుడు విసవిసా వెళ్ళిపోయాడు. రెండో గడప మధ్యాహ్నం భోజనాల వేళకే తొక్కాడు. అది తర్వాత సంగతి.

ప్రోగ్రామరమ్మ పాత పట్టికని మళ్ళీ పెట్టే పనిలో పడింది. “వేగం పోతే పోయింది సార్, దారం ఉండనీ,” అంది. వరసయ్య తొంభై ఏడో పేరుకి ఎదురుగా ఏదో టైపు చేశాడు. సూపరింటెండెంటు గారు భుజం మీదుగా తొంగిచూశారు.

‘అలిగారు. వస్తారు.’

“ఏమయ్యా, ఆసుపత్రి రికార్డుల్లో ఇలాంటివి కూడా రాస్తావా?”

“ఎప్పుడోగానీ రాయనండీ. ఇంతకుముందు ఒక్కరికే రాశాను.”

“ఎవరికి?”

“మొదటినుంచి చెప్పాలండీ.”

సూపరింటెండెంటు గారు నిట్టూర్చి గోడకి చేరబడ్డారు. “చెప్పు. ఈ పూటంతా వినడమే కదా.”

వరసయ్య హాజరు పట్టీ తెరిచి, మూడేళ్ళు వెనక్కి తిప్పాడు. “ఒకటి,” అన్నాడు.

అక్కడే ఆగిపోయాడు. ఈసారి అంతకన్నా దూరం వెళ్ళవలసిన పని లేదు.

మొదటి పేరు ఎదురుగా పదకొండు రోజులపాటు పదకొండుసార్లు అదే మాట. ‘అలిగారు. వస్తారు.’ పన్నెండో రోజున, ‘వచ్చారు.’

సూపరింటెండెంటు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు. సీనియారిటీ గురించి ఏమీ మాట్లాడలేదు. ఆ మాట మీద వేలు పెట్టారు.

“నేను అలగలేదయ్యా. విశ్రాంతి తీసుకున్నాను. అది మార్చు.”

“మారుస్తానండీ,” అని వరసయ్య వెంటనే టైపు చేశాడు. “చోటు మాత్రం కదలదు.”

అంతలో క్యాంటీను మనిషి తలుపు కొంచెం తెరిచి, తల లోపల పెట్టకుండా, “ఇప్పుడైనా చెబుతారా సార్, టీలు ఎన్ని?” అన్నాడు.

“ఒకటి, సూపరింటెండెంటు గారికి,” అని మొదలుపెట్టాడు వరసయ్య. సూపరింటెండెంటు గారు వెళ్ళి ఆ దొర్లే కుర్చీలో కూర్చున్నారు. అది కొంచెం వెనక్కి జరిగింది. ఆయన జరగనిచ్చారు. ఆ విభాగంలో మొత్తం పదిహేడుమంది. పదిహేడో టీ దాకా ఎవరూ అడ్డురాకుండా ఆయనే తలుపు వైపు చూస్తూ కాపలా కాశారు.